నిమిషం పాటు నిలిచే అయస్కాంతం

ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకొని వచ్చినవారికి అందులోని ఢమఢమ మోత చాలాకాలం జ్ఞాపకం ఉంటుంది. మెదడులోని మడతలు, వెన్నుపూసల మధ్య నుండే మెత్తని బిళ్ళలు, మోకాటి కీలులోని తంతువులు, వీటన్నిటినీ కత్తి తగలనివ్వకుండానే ఆ యంత్రం చూపిస్తుంది. కాని అదే యంత్రం ఛాతీని చిత్రించినప్పుడు ఊపిరితిత్తులు ఉండవలసిన చోట రెండు నల్లని మచ్చలు కనబడతాయి. గుండె కనబడుతుంది, పెద్ద రక్తనాళాలు కనబడతాయి. మనం పుట్టిన క్షణం నుంచి విశ్రాంతి లేకుండా పనిచేసే ఆ రెండు తిత్తులు మాత్రం చీకటిలోనే ఉండిపోతాయి.

ఎందుచేతనంటే ఆ యంత్రం చూచేది ముఖ్యంగా నీటిని. నీటిలోను, కొవ్వులోను హైడ్రోజన్ పరమాణువులు ఉన్నాయి గదా! ఆ పరమాణువు నడుమనున్న కేంద్రకం బొంగరం వంటిది, చిన్న అయస్కాంతం కూడాను. దానిని బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి, తగిన రేడియో తరంగంతో తట్టితే అది తిరిగి రేడియో సంకేతం ఇస్తుంది. అమెరికాలో ఫీలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరు వేరుగా 1945–46లో ఈ సంకేతాన్ని పట్టుకొన్నారు. 1952లో నోబెల్ బహుమానం పంచుకొన్నారు. ఆ సంకేతాల నుంచి బొమ్మ తీయవచ్చునని 1973లో పాల్ లాటర్‌బర్ చూపించినాడు. ఆ బొమ్మను త్వరగా తీసే ఉపాయాలు చెప్పిన పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కు, లాటర్‌బర్‌కు కలిపి 2003లో నోబెల్ బహుమానం వచ్చినది.

అయితే ఈ సంకేతం ఎంత బలహీనమైనదో తెలిస్తే, అసలు బొమ్మ రావడమే ఆశ్చర్యమనిపిస్తుంది. జాతరలో తాడులాగే పందెం ఒకటి ఊహించండి. మొత్తం పది లక్షల మంది. సగం మంది ఇటు, సగం మంది అటు. లెక్కపెట్టి చూస్తే ఒక పక్షంలో రెండవ పక్షం కంటె అయిదుగురు మాత్రమే ఎక్కువ ఉన్నారు. మిగిలిన వారందరి బలం ఒకరికొకరికి చెల్లు. ఆసుపత్రిలో 1.5 టెస్లా బలం గల యంత్రంలో, మానవ శరీరపు వేడి వద్ద, హైడ్రోజన్ కేంద్రకాల స్థితి సరిగా ఇదే. క్షేత్రం వాటిని ఒక వైపు తిప్పాలని చూస్తుంది, వేడి వాటిని కలగాపులగం చేస్తుంది. వేడిదే పై చేయి. ఆ మిగిలిన అయిదు కేంద్రకాల బలంతోనే వైద్యుడు మెదడులోని కంతిని చూస్తున్నాడు. శరీరంలో నీరు అపారంగా ఉన్నది కాబట్టి సరిపోయింది.

నీరు లేని చోట సరిపోదు. ఊపిరితిత్తిలో ఉన్నది చాలవరకు గాలి. పైగా గాలికీ కండకూ మధ్యనున్న లెక్కలేనన్ని హద్దుల వద్ద అయస్కాంత క్షేత్రం చెదిరిపోయి, ఉన్న కాస్త సంకేతం కూడ త్వరగా అణగిపోతుంది. కార్బన్‌ను చూద్దామంటే అది మరీ కష్టం. ప్రకృతిలోని కార్బన్‌లో నూటికి ఒక వంతు మాత్రమే, అనగా కార్బన్-13 అనే రకం మాత్రమే, ఇట్లా సంకేతం ఇవ్వగలది. దాని అయస్కాంత బలం హైడ్రోజన్‌లో నాలుగవ వంతు.

మరి ఆ పందెంలో అయిదుగురికి బదులు లక్షమంది ఎక్కువ ఉండేట్లు చేయగలిగితే? ఈ పనికే అతిధ్రువీకరణం అని పేరు. ఇట్లా కేంద్రకాలను ఒక వైపు తిప్పిన పదార్థాన్ని రోగి పీల్చడమో, సూదిమందుగా తీసుకోవడమో జరుగుతుంది. మామూలుగా ఆసుపత్రులలో ఇచ్చే గడోలినియం కాంట్రాస్ట్ మందు తాను మాట్లాడదు, చుట్టుపక్కల నున్న నీటి సంకేతాన్ని మాత్రం మారుస్తుంది. ఈ కొత్త పదార్థం తానే మాట్లాడుతుంది. కాని ఒక షరతు మీద: ఆ మాట కొద్ది సెకన్లు, మహా అయితే రెండు మూడు నిమిషాలు. తరువాత కేంద్రకాలు మళ్ళీ పాత గందరగోళంలో కలిసిపోతాయి. ఈ శాస్త్రచరిత్ర అంతా ఆ నిమిషంతో చేసిన పోరాటమే.

నమ్మశక్యం కాని మాట

1953 వసంతకాలంలో వాషింగ్టన్ నగరంలో అమెరికా భౌతికశాస్త్ర సంఘం సమావేశం జరిగినది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న ఆల్బర్ట్ ఓవర్‌హాసర్ అనే ఇరవై ఏడేళ్ళ యువకుడు అక్కడ పది నిమిషాల ప్రసంగం చేసినాడు. అతడు చెప్పిన విషయం ఇది. ఎలక్ట్రాను కూడ ఒక చిన్న అయస్కాంతమే. హైడ్రోజన్ కేంద్రకం కంటె సుమారు 660 రెట్లు బలమైనది. అందుచేత ఒకే క్షేత్రంలో ఎలక్ట్రానులు కేంద్రకాలకంటె ఎంతో ఎక్కువగా ఒక వైపు తిరుగుతాయి. లోహంలోని ఎలక్ట్రానులను తగిన మైక్రో తరంగాలతో బలంగా కుదిపి, వాటి క్రమాన్ని చెడగొట్టితే అవి మళ్ళీ క్రమంలోకి రావడానికి పెనుగులాడతాయి. ఆ పెనుగులాటలో ఎలక్ట్రాను ఒక వైపు ఒరిగితే పక్కనున్న కేంద్రకం ఎదురు వైపు ఒరుగుతుంది. ఇట్లా క్రమంగా ఎలక్ట్రానులకు ఉండవలసిన క్రమశిక్షణ అంతా కేంద్రకాలకు సంక్రమిస్తుంది.

ఎదుట కూర్చున్నవారు సామాన్యులు కారు. బ్లాక్ ఉన్నాడు, కేంద్రకాల అయస్కాంత బలాన్ని మొదట కచ్చితంగా కొలిచిన రాబీ ఉన్నాడు, రామ్సే ఉన్నాడు. ఆ విద్యకు వారే తండ్రులు. వారెవరికీ ఈ మాట నమ్మబుద్ధి కాలేదు. తరంగాలతో కుదపడమంటే వేడి చేయడమే గదా! ఒక దానిని వేడి చేస్తే దానిని అంటిపెట్టుకొన్న రెండవది చల్లబడి క్రమంలోకి వస్తుందనడం ఉష్ణశాస్త్ర నియమాలకు విరుద్ధంగా తోచినది. ఈ వాదంలో ఎక్కడో మౌలికమైన పొరపాటు ఉండి తీరుతుందని వారనుకొన్నారు.

ఆ పెద్దలను చూచి నవ్వడం మనకు సులభం. అది న్యాయం కాదు. వారు వేసిన ప్రశ్న సరియైన ప్రశ్న. దానికి సమాధానం కూడ ఉన్నది. కరెంటుతో నడిచే యంత్రం ఒకటి వెనుక వేడిని వెళ్ళగక్కుతూ లోపల మంచు తయారు చేయడం మనం రోజూ చూస్తున్నాము. బయటినుంచి శక్తి ఖర్చు పెడుతున్నప్పుడు అటువంటిది జరగవచ్చు. ఇక్కడ ఆ ఖర్చు భరించేది మైక్రో తరంగాలు.

కాని వాదంతో తేలే విషయం కాదది. అదే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ స్లిక్టర్ అనే ఆచార్యుడు, అతని శిష్యుడు టి. ఆర్. కార్వర్ లిథియం లోహం మీద ప్రయోగం చేసి చూచినారు. కావాలనే చాలా బలహీనమైన క్షేత్రాన్ని ఎంచుకొన్నారు. మొదట యంత్రపు తెర మీద లిథియం కేంద్రకాల సంకేతం అసలు కనబడలేదు. గీత నిండా గరగరలే. ఎలక్ట్రానులను కుదిపే తరంగాన్ని వదలగానే ఆ గరగరల మధ్య నుంచి సంకేతం ఎత్తుగా లేచి నిలిచినది. పోల్చి చూచుకోవడానికి గ్లిసరిన్‌లోని హైడ్రోజన్ సంకేతాన్ని కూడ తీసి పక్కన పెట్టినారు. ఆ యేడాదే వారి వ్యాసం అచ్చయినది. రామ్సే తరువాత ఓవర్‌హాసర్‌కు జాబు వ్రాసి, తమ అనుమానం నిలవలేదని ఒప్పుకొన్నాడు.

ఓవర్‌హాసర్ చెప్పినది లోహాలను గురించి. లోహం కాని గడ్డకట్టిన పదార్థాలలో కూడ ఎలక్ట్రానుల నుంచి కేంద్రకాలకు ఈ క్రమాన్ని అందించే మార్గాలను ఫ్రాన్సులో అబ్రగామ్, అమెరికాలో జెఫ్రీస్ 1950 దశాబ్దిలోనే కనిపెట్టినారు. పదార్థాన్ని పరమశూన్య ఉష్ణోగ్రతకు దగ్గరగా చల్లబరచి ఈ పని చేస్తే కేంద్రకాలు చాలవరకు ఒకే వైపు తిరుగుతాయి. అణుభౌతిక శాస్త్రవేత్తలకు ఇది బాగా ఉపయోగపడినది. తమ కణాల గుళ్ళను విసరడానికి వారికి ఇటువంటి లక్ష్యాలు కావలసి వచ్చినవి. వైద్యులకు మాత్రం దీనితో పని పడలేదు. మంచుకంటె ఎంతో చల్లగా గడ్డకట్టిన పలుకును మనిషి రక్తంలోకి ఎట్లా ఎక్కిస్తారు? కరిగిస్తే, అందులోని క్రమం కూడ కరిగిపోదా? ఈ ప్రశ్న యాభై ఏళ్ళు అట్లాగే ఉండిపోయినది.

వెలుగు దారి

ఈలోగా ఇంకొక దారి తెరుచుకొన్నది. పారిస్ నగరంలో ఆల్‌ఫ్రెడ్ కాస్ట్లర్ అనే శాస్త్రజ్ఞుడు (ఇతడు మొదట కొన్నేళ్ళు ఉన్నత పాఠశాలలలో పాఠాలు చెప్పిన బడిపంతులు) 1950లో ఒక ఉపాయం సూచించినాడు. వెలుగుకు కూడ ఒక విధమైన మెలిక ఉంటుంది. తన దారిలో కుడికో ఎడమకో మెలి తిరుగుతూ వచ్చే వెలుగును పరమాణువుల మీద ప్రసరింపజేస్తే ఆ మెలికను పరమాణువులు తీసుకొంటాయి. వాటి ఎలక్ట్రానులు ఒక వైపు తిరుగుతాయి. నీటిని పంపుతో పైకి తోడినట్లుగా వెలుగుతో పరమాణువులను పైకి తోడడం ఇది. ఈ పరిశోధనకు కాస్ట్లర్‌కు 1966లో నోబెల్ బహుమానం లభించినది.

ఈ పని రుబీడియం వంటి క్షారలోహాల ఆవిరిలో బాగా సాగుతుంది. హీలియం, జెనాన్ వంటి జడవాయువుల కేంద్రకాలను నేరుగా ఇట్లా తిప్పడం సాధ్యం కాదు. అయితే రెండింటినీ ఒకే గాజుబుడ్డిలో పెడితే? బావి వద్ద వరుసగా నిలబడి కడవలు చేతినుంచి చేతికి అందించుకొన్నట్లు, వెలుగు తన మెలికను రుబీడియం ఎలక్ట్రానుకు ఇస్తుంది. అది వాయువు పరమాణువును ఢీకొన్నప్పుడు దాని కేంద్రకానికి ఇస్తుంది. 1960లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో బూషియా, కార్వర్, వార్నమ్ అనే ముగ్గురు హీలియం-3 వాయువులో ఇది జరుగుతుందని చూపించినారు. ఆ నడిమి పేరు పాఠకులు గుర్తుపట్టే ఉంటారు. ఏడేళ్ళ క్రితం లిథియం సంకేతాన్ని గరగరల నుంచి పైకి లేపిన కార్వరే ఇతడు. నేడు వైద్యంలో వాడే రెండు దారుల మొదట్లోను ఒకే మనిషి నిలబడి ఉన్నాడు. అతని పేరు మాత్రం చాలామంది ఎరుగరు.

జెనాన్ సంగతి ఇంకా సరసమైనది. గాలిలో కోటి పాళ్ళకు ఒక పాలైనా ఉండని ఈ వాయువును 1898లో లండనులో రామ్సే (వాషింగ్టన్ సభలోని రామ్సే వేరు, ఇతడు విలియం రామ్సే), మోరిస్ ట్రావర్స్ కనుగొన్నారు. గ్రీకు భాషలో ఆ పేరుకు పరదేశి అని అర్థం. ఆ ట్రావర్సే తరువాత మన దేశానికి వచ్చి బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థకు మొదటి డైరెక్టరుగా పనిచేసినాడు. తన పరదేశి వాయువు ఒకనాడు రోగుల ఊపిరితిత్తులలో దీపం పెడుతుందని అతడు కలలోనైనా అనుకొని ఉండడు.

జెనాన్-129 కేంద్రకాలను రుబీడియం సాయంతో తిప్పవచ్చునని 1978లో గ్రోవర్ అనే శాస్త్రజ్ఞుడు చూపించినాడు. ఆ తరువాత విలియం హాపర్, అతని సహచరులు ఈ ఢీకొనడాల లెక్కలన్నీ ఓపికగా తేల్చినారు. అప్పట్లో వారి దృష్టి వైద్యం మీద లేదు. న్యూట్రానులోపలి నిర్మాణాన్ని పరిశీలించడానికి హీలియం-3 లక్ష్యాలు కావలసినవి. శక్తిమంతమైన లేసర్లు రావడంతో అటువంటి వాయువును లీటర్ల కొద్దీ తయారు చేయడం సాధ్యమైనది. చేతిలో ఇంత వాయువు ఉన్నప్పుడు దానిని పీల్చి చూడవచ్చునన్న ఆలోచన రావడమే మిగిలినది.

1994లో ఆ ఆలోచన ఫలించినది. ప్రిన్స్‌టన్‌కు చెందిన హాపర్, కేట్స్, డ్రీహైస్, సామ్, స్టోనీ బ్రూక్‌కు చెందిన మిచెల్ ఆల్బర్ట్, స్ప్రింగర్, విష్నియా కలిసి, శరీరం నుంచి వేరు చేసిన ఒక చిట్టెలుక ఊపిరితిత్తులలో లేసరుతో తిప్పిన జెనాన్‌ను నింపి బొమ్మ తీసినారు. ఎప్పుడూ నల్లగా కనబడే ఆ తిత్తులు ఈసారి తెల్లగా వెలిగినవి. పక్కనున్న కండ నల్లబడినది. బొమ్మ తిరగబడినదన్నమాట. రెండేళ్ళు తిరగకుండానే, 1996లో, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలోను, జర్మనీలోని మైన్స్‌లోను మనుషులు హీలియం-3 పీల్చి తమ ఊపిరితిత్తుల బొమ్మలు తీయించుకొన్నారు. 1997లో జెనాన్‌తో కూడ మనుషుల బొమ్మలు వచ్చినవి.

ఆ పరీక్ష ఇప్పుడు ఎట్లా జరుగుతుందో కొంచెం చెప్పాలి. లేసరు ముందు వేడిగా ఉన్న గాజుగొట్టంలో జెనాన్ రుబీడియం ఆవిరితో కలిసి ప్రవహిస్తుంది. రుబీడియం నీరు తగిలితే భగ్గుమనే లోహం. దానిని చల్లబరచి గోడలకే అంటిపోయేట్లు చేసి, జెనాన్‌ను మాత్రం ముందుకు పంపుతారు. ద్రవ నైట్రోజన్ చలిలో జెనాన్ మంచులా గడ్డకడుతుంది. ఆ స్థితిలో దాని క్రమం గంటలకొద్దీ నిలుస్తుంది. తరువాత కరిగించి సంచిలో నింపి రోగికి ఇస్తారు. రోగి దానిని పీల్చి పదో పదిహేనో సెకన్లు ఊపిరి బిగబట్టాలి. అంతకు మించి ప్రయోజనం లేదు. ఊపిరితిత్తిలో ఉన్న ప్రాణవాయువే, తనకున్న అయస్కాంత గుణం వల్ల, ఈ క్రమాన్ని చెడగొడుతుంది. బతికించే వాయువే ఇక్కడ శత్రువు. పైగా మామూలు ఎం.ఆర్.ఐ.లో ఒకసారి తట్టిన కేంద్రకాలు కాసేపటికి మళ్ళీ సర్దుకొంటాయి, మళ్ళీ తట్టవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. రాబడి లేని ఇంట్లో దాచిన డబ్బు ఖర్చుపెట్టినట్లు, ప్రతి తట్టుకూ కొంత పోతుంది, మళ్ళీ రాదు. అందుచేత చాలా మెల్లగా, పొదుపుగా తట్టాలి. ఒక్క ఊపిరిలో బొమ్మ అంతా అయిపోవాలి.

ఆరోగ్యవంతుని బొమ్మలో వాయువు అన్ని మూలలకూ సమంగా పరచుకొంటుంది. ఉబ్బసం ఉన్నవానిలో, చాలా ఏళ్ళు పొగతాగినవానిలో అక్కడక్కడ చీకటి చెక్కలు కనబడతాయి. అవి గాలి చేరని గదులు. ఊదించి కొలిచే పరీక్షలో మొత్తం మీద ఊపిరి ఎంత తగ్గిందో తెలుస్తుంది కాని ఏ గది తలుపు మూసుకొన్నదో తెలియదు.

బాంబులలోని వాయువు

మొదటి పదేళ్ళలో అందరూ హీలియం-3నే ఎక్కువ ఇష్టపడినారు. దాని సంకేతం జెనాన్ కంటె బలమైనది. శరీరానికి ఏమీ చేయదు. కాని అది ఎక్కడినుంచి వస్తుంది? భూమి మీద అది దొరకడం బహు అరుదు. మనుషుల చేతికి వచ్చినది చాలవరకు ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ నుంచి. ట్రిటియం సుమారు 12.3 ఏళ్ళలో సగం క్షీణించి హీలియం-3గా మారుతుంది. ఆ ట్రిటియాన్ని కూడబెట్టినది ఆసుపత్రుల కోసం కాదు, హైడ్రోజన్ బాంబుల కోసం. ఊపిరాడని పిల్లవాని ఛాతీ బొమ్మ తీసే వాయువు అణ్వాయుధాల గిడ్డంగి నుంచి రావడం ఈ చరిత్రలోని వింతలలో ఒకటి.

2001 సెప్టెంబరులో అమెరికా మీద జరిగిన దాడుల తరువాత, ఓడరేవుల ద్వారా అణుపదార్థాలు దొంగతనంగా వస్తాయేమోనన్న భయం పుట్టినది. ఆ పదార్థాలు వెదజల్లే న్యూట్రానులను పసిగట్టే గొట్టాలలో హీలియం-3 నింపుతారు. అటువంటి పరికరాలను విరివిగా నెలకొల్పడంతో నిలవలు కరిగిపోయినవి. బాంబుల సంఖ్య తగ్గుతూ వచ్చినందున కొత్త వాయువు కూడ అంతగా రాలేదు. 2008–09 నాటికి కొరత బయటపడి ధర పలు రెట్లు పెరిగినది. ఊపిరితిత్తుల పరిశోధకులు గత్యంతరం లేక జెనాన్ వైపు తిరిగినారు.

ఆ ఇబ్బందే మేలు చేసినదని నా అభిప్రాయం. జెనాన్ గాలిలోనే ఉన్నది, అయిపోయేది కాదు. అంతకంటె ముఖ్యమైన గుణం ఒకటి ఉన్నది. హీలియం గాలిగదిలోనే ఉండిపోతుంది; జెనాన్ పలుచని గోడలో కరిగి, దానిని దాటి, రక్తంలోని ఎర్రకణాలలోకి ప్రవేశిస్తుంది. గాలిలో ఉన్నప్పుడు ఒక స్వరం, గోడలో ఉన్నప్పుడు ఇంకొక స్వరం, ఎర్రకణంలో ఉన్నప్పుడు మూడవ స్వరం పలుకుతుంది. ప్రాణవాయువు ఏ దారిన రక్తంలోకి పోతుందో ఆ దారినే ఇదీ పోతుంది కాబట్టి, దారి ఎక్కడ అడ్డగించిందో చెప్పగలదు. జెనాన్ మత్తుమందు కూడ; అందుచేత ఇచ్చే మోతాదులో జాగ్రత్త ఉండాలి. కొందరికి కాసేపు తల తేలికగా తిరిగినట్లుంటుంది.

కోవిడ్ వ్యాధి వచ్చి తగ్గిన తరువాత కూడ ఆయాసం పోలేదని చెప్పుకొన్నవారు అన్ని దేశాలలోను ఉన్నారు. వారిలో కొందరికి సి.టి. స్కాన్‌లో చెప్పుకోదగిన లోపం కనబడలేదు. లోపం కనబడనప్పుడు రోగి మాటను నమ్మేవారు తగ్గిపోతారు. 2021లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కొద్దిమంది రోగులను జెనాన్‌తో పరీక్షించి, గాలినుంచి రక్తంలోకి వాయువు దాటడం వారిలో తగ్గినదని ప్రకటించినారు. రోగుల సంఖ్య చాలా చిన్నది. దానినిబట్టి పెద్ద మాటలు చెప్పరాదు. అయినా ఆయాసం మనసులో పుట్టినది కాదని చూపే బొమ్మ ఒకటి ఉండడం ఆ రోగులకు చిన్న సంగతి కాదు. 2022 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, పన్నెండేళ్ళు, అంతకు పైబడినవారిలో ఊపిరితిత్తులకు గాలి చేరే తీరును చూడడానికి జెనాన్-129ను అనుమతించినది. చిట్టెలుక బొమ్మ వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ళకు!

మాల్మోలో కరిగిన మంచు

ఇక గడ్డకట్టిన పదార్థం ప్రశ్నకు తిరిగి వద్దాము. స్వీడనులోని మాల్మో పట్టణంలో కాంట్రాస్ట్ మందులు తయారుచేసే సంస్థ ప్రయోగశాలలో ఆర్డెన్‌కియర్-లార్సెన్, గోల్మన్, వారి సహచరులు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నారు. 2003లో వారు ప్రకటించిన పద్ధతి వినడానికి అతి సులభంగా ఉంటుంది. కార్బన్-13 గల పదార్థంలో, జంట దొరకని ఒంటి ఎలక్ట్రాను ఉన్న ఒక రకం అణువులను కొద్దిగా కలుపుతారు. ఆ మిశ్రమాన్ని పరమశూన్యానికి పైన ఒకటి రెండు డిగ్రీల లోపు ఉష్ణోగ్రతకు తెస్తారు. నక్షత్రాల మధ్య నుండే శూన్యం కూడ దీనికంటె వెచ్చగానే ఉంటుంది. 3.35 టెస్లా క్షేత్రంలో ఆ చలిలో నూటికి తొంభైకి పైగా ఎలక్ట్రానులు ఒకే వైపు తిరిగి ఉంటాయి. కార్బన్ కేంద్రకాలు తమంతట తాము పదివేలకు ఏడు మాత్రమే తిరుగుతాయి. అప్పుడు మైక్రో తరంగాలను వదిలితే, 1953 నాటి సూత్రం బంధువే అయిన మార్గంలో, ఎలక్ట్రానుల క్రమం కార్బన్‌కు చేరుతుంది. ఇందుకు గంటో, అంతకు మించో పడుతుంది.

తరువాత, ఇంకా క్షేత్రంలో ఉండగానే, బాగా కాగిన నీటిని దాని మీదికి ఒక్కుమ్మడిగా వదులుతారు. ఆ చలిలోనుంచి ఒక్క సెకనులో ద్రవంగా మారిపోతుంది. ఎవరికైనా అనుమానం కలిగేది ఇక్కడే. కాని కరగడం అంత వేగంగా జరిగితే కేంద్రకాలకు తమ క్రమం మరిచిపోయే వ్యవధి ఉండదు! యూరియాతో చేసిన ప్రయోగంలో కార్బన్-13 కేంద్రకాల క్రమం నూటికి 37 పాళ్ళు మిగిలినది. సంకేతం పదివేల రెట్లకు పైగా పెరిగినదని వారు తమ వ్యాసానికి పెట్టిన శీర్షికలోనే చెప్పుకొన్నారు. ఆ గర్వం చెల్లుతుంది.

ఆ తరువాత ఎంచుకొన్న పదార్థం పైరువేట్. ఇది కొత్త మందు కాదు. మన తిన్న పిండిపదార్థం శరీరంలో విరిగినప్పుడు ప్రతి కణంలోను పుట్టేదే. మామూలు కణం దీనిని చాలవరకు ప్రాణవాయువుతో కాల్చి శక్తి తీసుకొంటుంది. కేన్సర్ కణాలు మాత్రం ప్రాణవాయువు ఉండగానే దీనిని లాక్టేట్‌గా మార్చి పారవేస్తాయని జర్మనీలో ఆటో వార్‌బుర్గ్ 1920 దశాబ్దిలో గమనించినాడు. పైరువేట్‌లోని కార్బన్ ఒక స్వరంలోను, లాక్టేట్‌లోని కార్బన్ వేరొక స్వరంలోను పలుకుతాయి. కాబట్టి సూదిమందు ఇచ్చిన తరువాత, ఏ చోట పైరువేట్ లాక్టేట్‌గా మారుతున్నదో కళ్ళెదుట చూడవచ్చు. మామూలు బొమ్మ కంతి ఆకారం చూపుతుంది. ఇది ఆ కంతి ఆ నిమిషంలో ఏమి వండుకొంటున్నదో చూపుతుంది. మందు పనిచేయడం ప్రారంభిస్తే కంతి కుంచించుకుపోవడానికి వారాలు పట్టవచ్చు; దాని వంట మారడానికి అంతకాలం పట్టకపోవచ్చు. పనిచేయని మందును రోగి నెలల తరబడి భరించనవసరం లేకుండా చేయాలన్న ఆశ దీనిలో ఉన్నది. రేడియోధార్మిక పదార్థాలతో పనిలేదు కూడాను.

2010లో అమెరికాలోని సాన్ ఫ్రాన్సిస్కోలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో, ప్రోస్టేట్ గ్రంథి కేన్సర్ ఉన్న రోగికి ఈ మందు మొదటిసారి ఇచ్చినారు. సారా నెల్సన్ నాయకత్వాన 31 మంది రోగుల మీద జరిగిన ఆ పరీక్ష ఫలితాలు 2013లో వెలువడినవి. ముఖ్యోద్దేశం మందు హానికరమా కాదా అని చూడడం; హాని కనబడలేదు. బయాప్సీలో కేన్సర్ తేలిన చోట్ల లాక్టేట్ ఎక్కువగా కనబడినది. మామూలు బొమ్మలలో అనుమానం కలగని చోట కూడ ఒకరిలో అది కనబడినది.

ఆ గదిలోని హడావుడి వర్ణించదగినది. పైరువేట్ కార్బన్ క్రమం సగానికి పైగా పడిపోవడానికి ఒక నిమిషమే వ్యవధి. ఆ నిమిషంలోనే గడ్డ కరగాలి, ఒంటి ఎలక్ట్రాను అణువులను వడపోసి తీసివేయాలి, ఆమ్లగుణాన్ని సరిచేయాలి, వేడి, గాఢత, మిగిలిన మలినం కొలవాలి, ఔషధ నిపుణుడు సరేనని చెప్పాలి, మందు రోగి చేతి నరంలోకి చేరాలి. ఏ మందుల దుకాణంలోను దీనిని నిలవ చేయలేరు, పక్క ఊరికి పంపలేరు. రోగి పడుకొన్న గదికి ఆనుకొనే తయారు చేయాలి.

ఈ యంత్రాల ఖర్చును తగ్గించడానికి మూడవ దారి ఒకటి సాగుతున్నది. హైడ్రోజన్ అణువులలో పారాహైడ్రోజన్ అనే రకం ఉన్నది. దానిలోని రెండు కేంద్రకాలు సహజంగానే ఒక క్రమంలో జతపడి ఉంటాయి. ఆ క్రమాన్ని రసాయన చర్య ద్వారా ఇతర అణువులకు అందించవచ్చునని 1986లో బవర్స్, వైటెక్యాంప్ చెప్పి, మరుసటి యేడు చేసి చూపించినారు. అతి చలిలో మైక్రో తరంగాలతో గంటలు గడపనవసరం లేదు. రోగులకు నిస్సంకోచంగా ఇవ్వగల శుద్ధత సాధించడంలోనే కష్టమంతా ఉన్నది.

జెనాన్‌కు అనుమతి వచ్చినది గాని, పైరువేట్ ఇంకా పరిశోధన దశను దాటలేదు. ప్రోస్టేట్ గ్రంథిలోను, రొమ్ములోను, మెదడులోను, గుండెలోను బొమ్మలు వచ్చినవి. ఆ బొమ్మ చూచి వైద్యుడు చికిత్స మార్చినందువల్ల రోగికి మేలు జరిగినదా అన్న ప్రశ్నకు పెద్ద సంఖ్యలో రోగుల మీద పరీక్షలు జరిగిన తరువాతనే సమాధానం వస్తుంది. ఓవర్‌హాసర్ 2011 డిసెంబరులో మరణించినాడు. అప్పటికి సాన్ ఫ్రాన్సిస్కోలో మొదటి రోగి చేతికి సూది గుచ్చి ఏడాది దాటినది.